లడాయికి పోయిన పెద్ద తాత పేరు ఎక్కడ వెతకాలి?

దేవరకొండ_మనవరాలు:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా తాతకు ఒక అన్న ఉండేవాడు. నైజాం మిలిటరీలో చేరి, లడాయికి పోయి, ఇరవై ఏండ్లు నిండకముందే అక్కడే చనిపోయాడట. "సింగపూర్ దిక్కు" అనేవాళ్ళు ఇంట్లో. ఫొటో లేదు.

పింఛన్ కాగితం వచ్చిన రోజు మా ముత్తవ్వ వేలిముద్ర వేయలేదట. "ముద్ర వేస్తే నా కొడుకు పోయిండని నేనే రాసిచ్చినట్టు గదా" అని తలుపు వేసుకుందట. పట్వారీ మళ్ళీ మళ్ళీ తిరిగాడు. ఆఖరికి వేసిందో లేదో తాత చెప్పలేదు, నేనూ చిన్నదాన్ని, అడగలేదు.

చనిపోయిన తేదీ తెలియదు కాబట్టి పెత్రమాస నాడు అందరితో పాటే ఆయన పేరు మీదా బియ్యం ఇస్తాం. ఇప్పుడు మా నాయినకు డెబ్బై దాటాయి. "పెండ్లి కాని పిలగాడు, ఆయనకంటూ ఒక తిథి ఉండాలె" అని ఒకటే పట్టు.

ఇంట్లో మిగిలినవి రెండే. ఆరు మొనల చుక్క బిళ్ళ ఒకటి, సగం చెదలు తిన్న ఉర్దూ కాగితం ఒకటి. కాగితం చదివిస్తే తండ్రి పేరు, ఊరి పేరు, 1351 అనే అంకె దొరికాయి. 1351 ఏమిటి? ఇంకో గందరగోళం: హైదరాబాద్ రెజిమెంట్ అని నెట్‌లో కొడితే అంతా కుమావూన్ అని వస్తోంది. ఎక్కడో హిమాలయాల వాళ్ళకు, మాకు ఏం సంబంధం?

పాలమూరు_పహాణీ:
అమ్మా, 1351 ఫసలీ సంవత్సరం, అంటే నైజాం సర్కారు కాగితాల్లో వాడిన ఏండ్ల లెక్క. మీ పాత పహాణీలు తీసి చూడండి, అన్నిటి మీదా ఫసలీయే ఉంటుంది. మన హైదరాబాద్ లెక్కలో దానికి 590 కలుపుకోవాలి. 1351 అంటే 1941 అక్టోబర్ నుంచి 1942 అక్టోబర్ దాకా. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ జపాన్ చేతికి పోయింది 1942 ఫిబ్రవరి 15న. మీ ఇంట్లో వాళ్ళ మాట సరిగ్గానే ఉంది. నిజాం కాలం ఉర్దూ, పార్సీ కాగితాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కానీ ముందే అక్కడికి పరుగెత్తకండి, ఇంట్లో ఉన్నదాన్ని పూర్తిగా చూడండి.

మాజీ_సుబేదార్:
అక్కడ రెండు హైదరాబాద్‌లు ఉన్నాయి, అందరూ కలిపేస్తారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. పేరు మనదే గానీ అందులో ఉన్నది ఎక్కువగా కుమావూనీలు, జాట్‌లు, అహీర్‌లు. 1945లో దాని పేరే కుమావూన్ అని మార్చారు. దాని నాలుగో బెటాలియన్ కూడా మలయాలో (ఇప్పటి మలేసియా, సింగపూర్‌కు ఆనుకునే ఉంటుంది) పోరాడింది కాబట్టి చిక్కు ఇంకా పెరుగుతుంది. నైజాం సొంత సైన్యం వేరు. అందులోని ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీని మలయాకు పంపి కోట భారు విమానాశ్రయం దగ్గర కాపలా పెట్టారు. 1941 డిసెంబర్ 7 అర్ధరాత్రి దాటి 8వ తేదీ రాగానే జపాన్ దళాలు దిగింది ఆ ఊరి సముద్రం ఒడ్డునే. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి గంట ముందే ఇక్కడ లడాయి మొదలైంది.

ఇక మీ చుక్క బిళ్ళ. ముందు వైపు గుండ్రంగా ఏం రాసి ఉందో చూడండి. పసిఫిక్ స్టార్ అయితే మలయా, బర్మా స్టార్ అయితే బర్మా. వెనక్కి తిప్పండి. బ్రిటన్ వాళ్ళకు ఇచ్చిన స్టార్ల మీద పేర్లు ఉండవు, మనవాళ్ళకు ఇచ్చిన వాటి మీద నంబరు, పేరు, పటాలం కొట్టి ఇచ్చారు. దయచేసి బ్రాసో పెట్టి రుద్దకండి. అరిగిపోతే మళ్ళీ రాదు.

దేవరకొండ_మనవరాలు:
పసిఫిక్ స్టారే! చిన్నప్పుడు మేమందరం దాంతో ఆడుకున్నాం, వెనక రాత ఉందని ఎవరమూ చూడలేదు. నంబరు, సిపాయి, పేరు, హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ, ఐ.ఎస్.ఎఫ్. పేరులో ఒక అక్షరం తేడా ఉంది.

మాజీ_సుబేదార్:
ఐ.ఎస్.ఎఫ్. అంటే ఇండియన్ స్టేట్స్ ఫోర్సెస్, సంస్థానాల సైన్యం. నైజాం పటాలమే. లడాయిల్లో పోయిన సిపాయిల సమాధులు, పేర్ల లెక్క చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరుతో వద్దు, నంబరుతో వెతకండి. మన పేర్లను ఇంగ్లిష్ గుమాస్తాలు ఎట్లా విన్నారో అట్లా రాశారు.

సింగపూర్_సైట్_ఇంజనీర్:
అక్కా, మాది మిర్యాలగూడ, ఇక్కడ సింగపూర్‌లో పని చేస్తున్నా. సమాధి దొరకని వాళ్ళ పేర్లు ఇక్కడి క్రాంజి యుద్ధ స్మారకం స్తంభాల మీద చెక్కారు, 24,000కు పైనే. పటాలం వారీగా, హోదా వారీగా ఉంటాయి. రికార్డులో కాలమ్ నంబరు ఇస్తారు, అది చెప్పండి చాలు. క్రాంజి ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్ నుంచి నడిచి పోవచ్చు. ఆదివారం పోయి ఫొటో తీసి పెడతా.

దేవరకొండ_మనవరాలు:
దొరికాడు. తండ్రి పేరు కలిసింది, నల్గొండ అని ఉంది, ఊరి పేరును మాత్రం ఎవరూ గుర్తుపట్టలేనట్టు రాశారు. తేదీ 1942 ఫిబ్రవరి 15. నాయిన గట్టిగా ఏడ్చాడు. ఆయన పుట్టకముందే పోయిన మనిషి.

మాజీ_సుబేదార్:
ఒక మాట చెప్పాలి, ఏమీ అనుకోవద్దు. ఎప్పుడు పోయారో తేలని చాలామందికి సింగపూర్ లొంగిపోయిన రోజునే తేదీగా వేశారు. మీ పెద్ద తాత డిసెంబర్‌లో కోట భారులోనే పోయి ఉండొచ్చు.

పాలమూరు_పహాణీ:
అయితే ఏమైందండీ? ఆ రోజు వృష నామ సంవత్సరం, మాఘ అమావాస్య. చైనా వాళ్ళ కొత్త సంవత్సరం కూడా అదే రోజు పడింది. తిథి తెలియని వాళ్ళకు మనం అమావాస్యే కదా పట్టుకునేది.

దేవరకొండ_మనవరాలు:
సుబేదార్ గారూ, చెప్పడమే మంచిదైంది. నాయినకు కూడా చెప్పాను. "సర్కారు రాసిన తారీఖు సర్కారుది, అమావాస్య మనది" అన్నాడు. మాఘంలో పెడతాడట, పెత్రమాస బియ్యం కూడా ఆపడట. తమ్ముడూ, కాలమ్ నంబరు మెసేజ్‌లో పంపాను. ఫొటోలో ఆయన పక్కన ఉన్న పేర్లు కూడా కనబడేటట్టు తీయి. మన దిక్కు వాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళ ఇండ్లు కూడా వెతుకుతా.