ఏఐఎఫ్ఎఫ్ అధ్యక్షుడి ఎన్నికలో ఓటు ఎవరిది? 2022లో ఫిఫా వేటు ఎందుకు పడింది?

కార్నర్‌కిక్ (ప్రశ్న):
2022 సెప్టెంబరు 2న జరిగిన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) అధ్యక్ష ఎన్నికలో కల్యాణ్ చౌబేకి 33 ఓట్లు, భైచుంగ్ భూటియాకి 1. దేశానికి కెప్టెన్‌గా ఆడినవాడికి ఒక్క ఓటేనా? అసలు ఓటు ఎవరికి ఉంటుంది? ఇంకో సందేహం. దానికి రెండు వారాల ముందే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. సుప్రీంకోర్టు చక్కదిద్దుతుంటే ఫిఫాకి అభ్యంతరం దేనికి? విషయం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లెఫ్ట్‌బ్యాక్:
ఆ ఎన్నికలో ఓటు రాష్ట్ర, కేంద్రపాలిత ప్రాంతాల సంఘాలదే. సంఘానికి ఒక ప్రతినిధి, ఒక ఓటు. క్లబ్బులకు లేదు, ఆటగాళ్లకు లేదు. పోటీ చేయాలంటే ఒక సంఘం పేరు ప్రతిపాదించాలి, ఇంకో సంఘం బలపరచాలి. భూటియా పేరు ప్రతిపాదించింది ఆంధ్రప్రదేశ్ సంఘం, బలపరచింది రాజస్థాన్. ఆ రెండూ కలిస్తేనే 2 ఓట్లు. పెట్టె తెరిస్తే 1. నామినేషన్ మీద సంతకం పెట్టడం వేరు, రహస్య ఓటింగ్‌లో నిలబడటం వేరు. అభిమానుల్లో ఎంత పేరున్నా లాభం లేదు, ముందు రాష్ట్ర సంఘాల్లో పట్టు ఉండాలి. రాజకీయాల్లో ఉన్న చౌబే కూడా మాజీ గోల్‌కీపరే, కాబట్టి దీన్ని ఆటగాడికీ రాజకీయ నాయకుడికీ మధ్య పోటీగా చూస్తే లెక్క తప్పుతుంది.

ఆఫ్‌సైడ్ గీత:
రెండో సందేహానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. ప్రియరంజన్ దాస్‌మున్షీ 1988 నుంచి 2008 దాకా అధ్యక్షుడు. ఆయన అనారోగ్యంతో మంచం పట్టాక ప్రఫుల్ పటేల్ వచ్చారు. 2016లో పటేల్ గెలిచిన ఎన్నిక, క్రీడా సమాఖ్యలకు కేంద్రం పెట్టిన జాతీయ క్రీడా నియమావళి ప్రకారం జరగలేదని 2017 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును ఆపి, సమాఖ్యకు కొత్త నియమావళి రాసే పని మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్.వై. ఖురేషీ, మాజీ ఆటగాడు భాస్కర్ గంగూలీలకు అప్పగించింది. అసలు చిక్కు ఇక్కడే పడింది. ఆ కాగితం ఏళ్ల తరబడి తేలలేదు. 2020 డిసెంబరులో పటేల్ గడువు, అంటే మూడు విడతలు కలిపి 12 ఏళ్ల పరిమితి, ముగిసింది. కేసు పెండింగ్‌లో ఉందంటూ ఎన్నిక పెట్టలేదు, కుర్చీ దిగలేదు.

2022 మే 18న సుప్రీంకోర్టు ఆ కార్యవర్గాన్ని తప్పించి, జస్టిస్ ఎ.ఆర్. దవే, ఖురేషీ, గంగూలీలతో పాలకుల కమిటీ వేసింది. ఫిఫా చూసేది ఒక్కటే: సమాఖ్యను సభ్యులు ఎన్నుకున్నవాళ్లు నడుపుతున్నారా, బయటివాళ్లు నడుపుతున్నారా? బయటి చెయ్యి ప్రభుత్వానిదైనా కోర్టుదైనా దాని లెక్కలో మూడో పక్షమే. దానికి తోడు 36 మంది మాజీ ఆటగాళ్లకు కూడా రాష్ట్ర సంఘాలతో సమానంగా ఓటు ఇవ్వాలని కమిటీ ప్రతిపాదించింది. ఫిఫా దానికీ ఒప్పుకోలేదు.

ఆగస్టు 15 అర్ధరాత్రి దాటాక మన టైములో సస్పెన్షన్ వార్త వచ్చింది. 22న కోర్టు కమిటీని రద్దు చేసి, ఓటర్ల జాబితాను రాష్ట్ర సంఘాలకే పరిమితం చేసింది. కార్యవర్గంలో 23 మంది, అందులో 6 స్థానాలు మాజీ ఆటగాళ్లకు అని తేల్చింది. 26న ఫిఫా సస్పెన్షన్ ఎత్తేసింది. అక్టోబరులో బాలికల అండర్ 17 ప్రపంచకప్ మన దగ్గరే జరిగింది. కానీ ఆసియా మహిళల క్లబ్ పోటీకి తాష్కెంట్ దాకా వెళ్లిన గోకులం కేరళ అమ్మాయిలు బంతి తాకకుండానే వెనక్కి రావాల్సి వచ్చింది. తప్పు చేసిందెవరో, శిక్ష పడిందెవరికో చూడండి. ఇది మర్చిపోకూడని విషయం.

పాత స్టాండు:
చరిత్ర కూడా కొంచెం. ఐఎఫ్ఏ (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) అంటే జాతీయ సంస్థ అనుకుంటారు చాలామంది. పేరులో ‘ఇండియన్’ ఉన్నా, 1893లో పుట్టిన ఆ సంఘం బెంగాల్‌ది. దేశమంతటి తరఫున తనే మాట్లాడతానంటే మిగతా ప్రాంతాలు ఒప్పుకోలేదు. ఆ తగవు తీరాకే 1937 జూన్ 23న సిమ్లాలోని సైనిక ప్రధాన కార్యాలయంలో ఏఐఎఫ్ఎఫ్ ఏర్పడింది. ఫిఫా సభ్యత్వం 1948లో. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఈ మూడింటికీ కోచ్ మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి కూడా. అప్పట్లోనే 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు (రాష్ట్ర జట్ల జాతీయ పోటీ) వరసగా హైదరాబాదుకు వచ్చాయి.

కార్నర్‌కిక్:
ధన్యవాదాలండీ. మరి ఆటగాళ్లకు ఓటు అన్న మాట అక్కడితో పోయినట్టేనా?

ఆఫ్‌సైడ్ గీత:
పోలేదండీ. నియమావళి ముసాయిదాను జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు సిద్ధం చేశారు. జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జయమాల్య బాగ్చీల సుప్రీంకోర్టు ధర్మాసనం మార్పులతో 2025 సెప్టెంబరు 19న దాన్ని ఆమోదించింది. ఓటు వేసే సర్వసభ్య మండలిలో 15 మంది మాజీ ఆటగాళ్లు, వాళ్లలో కనీసం 5 మంది మహిళలు. కార్యవర్గం 14 మందికి కుదించారు. అధ్యక్షుడి మీద అవిశ్వాసం పెట్టే వీలుంది. ఒకే మనిషి ఇటు జాతీయ సమాఖ్యలో, అటు రాష్ట్ర సంఘంలో పదవి ఉంచుకోకూడదన్న నిబంధన మీదే ఎక్కువ పేచీ వచ్చింది. ఎందుకో చెప్పనక్కర్లేదు, ఓట్లు పుట్టేది అక్కడే.

15 ఓట్లతో 30కి పైగా సంఘాలను ఓడించలేరు. సంఘాలు రెండుగా చీలితే మాత్రం తేల్చేది ఈ 15 మందే. కాబట్టి ఎన్నిక ప్రకటన రాగానే ఓటర్ల జాబితాలో ముందు ఆ పేర్లు చూడండి.