ఎఫెసస్‌లో కూలిన లైబ్రరీని మళ్లీ నిలబెట్టడం సబబేనా?

బాటసారి:
టర్కీ టూర్‌లో ఎఫెసస్ అనే ప్రాచీన నగరం శిథిలాలు చూశాం. ఫోటోల్లో అందరికీ తెలిసిన ఆ సెల్సస్ లైబ్రరీ ముందుభాగం శతాబ్దాల పాటు రాళ్లగుట్టగా పడి ఉందట. 1970-78 మధ్య ఆస్ట్రియా పురావస్తు బృందం ముక్కలు ఏరి మళ్లీ నిలబెట్టిందని గైడ్ చెప్పగానే నా ఉత్సాహం సగం చచ్చింది. లేని రాళ్ల చోట కాంక్రీటు. గూళ్లలోని నాలుగు స్త్రీ విగ్రహాలూ నకళ్లే, అసలువి వియన్నాలో ఉన్నాయి. మరి మనం చూసింది పాత నగరమా, సినిమా సెట్టింగా?

గచ్చుబండ:
సెట్టింగ్ అనడం అన్యాయమండీ. సెట్టింగ్‌లో రాళ్లు కొత్తవి, ఇక్కడ చాలావరకు ఆ కట్టడానివే. మధ్య స్తంభాలను చివరి వాటికన్నా కాస్త పెద్దవిగా పెట్టి, ఇరుకు జాగాలో ఉన్న భవనం వెడల్పుగా కనిపించేలా కట్టారు. ఆ పనితనం స్తంభాలు లేచి నిలబడితేనే కదా తెలిసేది! అక్కడే ఉన్న గ్రీకు దేవత ఆర్టెమిస్ గుడి దగ్గరికి వెళ్లారా? ఏడు వింతల్లో ఒకటి. ఇప్పుడు అక్కడ ముక్కలు పేర్చిన ఒక్క స్తంభం, దాని మీద కొంగ గూడు. జనం ఐదు నిమిషాలు నిలబడి బస్సెక్కేస్తారు.

ఒంటెద్దు:
అసలు ఆ లైబ్రరీ రోమన్ల కాలానిది. గ్రీకు నగరం చూడాలంటే దక్షిణంగా ప్రియెనేకి వెళ్లాలి. కొండవాలు మీద గళ్ల నోటుబుక్కులా గీసిన వీధులు. ఎథీనా గుడి దగ్గర ఐదు స్తంభాలే లేపారు, మిగతావి దిమ్మెలుగా విడిపోయి నేల మీదే ఉన్నాయి. ఒక్కో దిమ్మె నడుముదాకా వస్తుంది, నడిమధ్యలో చిన్న చదరపు గుంట. రెండు దిమ్మెలు కదలకుండా దిగ్గొట్టిన మేకు చోటది. స్తంభం నిలబడి ఉంటే ఆ గుంట చూడగలమా? నా ఓటు పడి ఉన్న రాళ్లకే.

కృష్ణాతీరం:
మాది మాచర్ల వైపు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు నాగార్జునకొండ కట్టడాలు కొన్నింటిని విప్పి అనుపులోనూ, కొండ మీదా మళ్లీ కట్టారు. కూలింది కూలినట్టే ఉంచాలని అప్పుడు పట్టుబట్టి ఉంటే అన్నీ నీళ్లపాలే.

బాటసారి:
అక్కడ గత్యంతరం లేక చేశారు. ఎఫెసస్‌కి ఏ నీళ్లు ముంచుకొచ్చాయి? ఉన్న సముద్రమే ఒండ్రు మేట వేసి దూరం జరిగిపోయింది!

గచ్చుబండ:
పాత కట్టడాల పరిరక్షణకు రాసుకున్న అంతర్జాతీయ నియమావళి, 1964 వెనిస్ చార్టర్ ప్రకారం, దొరికిన ముక్కల్ని తిరిగి కూర్చవచ్చు, కలిపిన కొత్త పదార్థం మాత్రం తెలిసిపోవాలి. ఆ కాంక్రీటు దగ్గరికెళ్తే తెలుస్తుంది.

బాటసారి:
దగ్గరికెళ్తే! సెల్ఫీల గుంపు దాటి ఎవరు వెళ్తారు సార్? ఏది పాతదో ఏది కొత్తదో గీసి చూపించే బొమ్మ ఒకటి మెట్ల ముందే పెట్టాలి.

ఒంటెద్దు:
బొమ్మ సరే. ముందు వియన్నా నుంచి ఆ నలుగురమ్మల్నీ ఇంటికి తెప్పించమనండి, కాంక్రీటు గురించి ఆనక కొట్టుకుందాం.