ట్రూబదూర్ల పాటల్లో ప్రేమ: అనుభవమా, ఆస్థాన మర్యాదా?

పాతబాణీ:
పన్నెండో శతాబ్దంలో దక్షిణ ఫ్రాన్సులో ఆక్సిటాన్ భాషలో పాటలు కట్టిన ట్రూబదూర్లు నిజంగా ప్రేమించి పాడారా, ప్రేమ పేరిట ప్రభువుల ప్రాపకం కోసం పాడారా? నా మట్టుకు రెండోదే సబబనిపిస్తుంది. వాళ్లలో ఒకడైన బెర్నార్త్ ద వెంతదోర్న్ ఒక పాటలో తాను ప్రేమించిన స్త్రీకి ప్రమాణం చేసిన మనిషినని చెప్పుకుంటాడు. సామంతుడు ప్రభువు ఎదుట చేసే ప్రమాణం తీరే అది. ఆ స్త్రీ సాధారణంగా తనకంటే పై అంతస్తుకు చెందినది, ఆమెను పిలిచేది మారుపేరుతోనే. పెళ్లికాని యువ యోధులను అదుపులో ఉంచడానికి మగవాళ్ల మధ్య సాగిన ఆటగా చరిత్రకారుడు జార్జ్ డ్యూబీ దీన్ని వివరించాడు.

నిర్మొహమాటం:
పాతబాణీ గారూ, ప్రాపకమే మూలమైతే, మనకు తెలిసినంతలో మొట్టమొదటి ట్రూబదూర్ అయిన తొమ్మిదో విలియం ఎవరి ప్రాపకం కోసం పాడినట్టు? ఆయన నైరుతి ఫ్రాన్సులోని అక్విటైన్‌కు డ్యూక్, అంటే దాన్ని ఏలే ప్రభువు. ఫ్రాన్సు రాజు స్వయంగా ఏలుతున్న నేల కంటే ఆయన చేతిలో ఉన్నదే విశాలం. ఇక డ్యూబీ చెప్పిన మగవాళ్ల ఆటలో, తానే పాటలు కట్టిన స్త్రీ దియా కౌంటెస్‌కు చోటెక్కడ? ఒక పాటలో ఆమె తనకు దూరమైన యోధుణ్ణి తలచుకుని, ఒక్క రాత్రి అతణ్ణి వివస్త్రంగా కౌగిట్లో ఉంచుకోవాలనీ, భర్త స్థానంలో అతడుంటే బాగుండుననీ దాపరికం లేకుండా అంటుంది. మరో పాటలో తన అందం, వంశం, తెలివి ఏవీ అతని ముందు అక్కరకు రాలేదని నిలదీస్తుంది. స్త్రీలు కట్టిన ట్రూబదూర్ పాటల్లో బాణీతో సహా మనకు దక్కింది ఈ రెండోది ఒక్కటే. ఆస్థాన మర్యాద ఇంత ఘాటుగా మాట్లాడుతుందా?

కొసమెరుపు:
ఆస్థాన ప్రేమ అనే చట్రాన్ని 1883లో గాస్తోన్ పారిస్ అనే పండితుడు వ్యాప్తిలోకి తెచ్చాడు, అదీ ఉత్తర ఫ్రాన్సులో పుట్టిన, ఆర్థర్ రాజు కొలువులోని యోధుడు లాన్సెలాట్ కథను వివరిస్తూ. దాన్ని వెనక్కి తెచ్చి ఈ పాటలన్నిటికీ తొడగడం వల్లనే సగం పేచీ వస్తోంది.

పాతబాణీ:
చట్రాన్ని పక్కన పెడదాం, పాటనే చూద్దాం. బెర్నార్త్ పాటల్లోకెల్లా పేరుపొందిన దానిలో, భరత పక్షి సూర్యకిరణానికి ఎదురుగా ఆనందంతో రెక్కలాడిస్తూ, గుండెలో నిండిన తీపికి ఒళ్లు మరచి కిందికి జారిపోతుంది. దాన్ని చూసి కవికి అసూయ పుడుతుంది. ఆ అసూయ అబద్ధమని నేననను. కానీ అదే బాణీకి పారిస్ చాన్సలర్ ఫిలిప్ లాటిన్‌లో హృదయానికీ కంటికీ మధ్య వాగ్వాదం రాశాడు, అదీ చక్కగా ఒదిగింది.

నిర్మొహమాటం:
బాణీ ఇంకొకరికి ఒదిగినంత మాత్రాన మొదటి మాటలు బూటకం కావు. మీకు అనుకూలంగా చెప్పదగ్గది మరొకటుంది: మనసు తనను ప్రేమవైపు ఎక్కువగా లాగుతుంది గనుకే తాను అందరికంటే బాగా పాడుతున్నానని బెర్నార్త్ ఇంకో పాటలో చాటుకుంటాడు. అంటే నిజాయితీయే అతని వృత్తి యోగ్యత. ఇక అతని జీవితకథ సాక్ష్యానికి పనికిరాదు. అది పదమూడో శతాబ్దంలో చాలావరకు ఈ పాటల్లోంచే అల్లింది.