అమ్మ షుగరు సంగతి దరఖాస్తులో రాయాలా?

ప్రశ్న (కావలి): అమ్మకు 61 ఏళ్లు. ఆరేళ్లుగా షుగరు మాత్ర వేసుకుంటోంది. ఆరోగ్య బీమా దరఖాస్తులో పాత జబ్బుల గడిలో ఏజెంటు "లేవు" అని పెన్సిలుతో టిక్కు పెట్టి, సంతకం చేయమంటున్నాడు. నాకు చెయ్యి రావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు (ఒంగోలు): సంతకం పెట్టకండి! మేము నాన్నగారి బీపీ దాచాం. ఆసుపత్రిలో చేరాక పాత మందుల చీటీ బయటపడింది, క్లెయిము తిరస్కరించారు. పొలం తాకట్టు పెట్టి బిల్లు కట్టాం. ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి.

జవాబు (కందుకూరు): 2024 నిబంధనల ప్రకారం, వెల్లడించిన పాత జబ్బులకు నిరీక్షణ కాలం (ఆ జబ్బుకు క్లెయిము ఇవ్వని తొలి గడువు) 36 నెలలకు మించకూడదు. పాలసీ అందాక నచ్చకపోతే 30 రోజుల్లోగా వెనక్కి ఇవ్వవచ్చు. మందు పేరు, మోతాదు కూడా రాయండి.

కావలి: టిక్కు చెరిపేశాను. అమ్మ మాత్రల అట్ట వెలుతురులో పట్టుకుని చదివితే, నేను "మెట్‌ఫార్మిన్ 500" అని రాశాను.