అప్‌డేట్: మా బాబు ఫోటోల టైంటేబుల్

హన్మకొండలో రెండో తరగతి చదివే మా బాబుకి ఆటిజం, ఒక పని ఆపి ఇంకోటి చేయమంటే ఏడుపే అని ఆ మధ్య అడిగాను కదా. మీరు చెప్పినట్టే వాడికి విడిగా టైంటేబుల్ చేశాం. క్లాసంతటికీ ఉన్న గోడచార్టును వాడసలు చూడడు. అందుకే వాడి బ్యాగు, వాడి బెంచీ ఫోటోలే తీసి, లామినేషన్ చేయించి వెల్‌క్రోతో అంటించాం. ఒకేసారి రెండే: ‘ఇప్పుడు’, ‘తర్వాత’. పని అయ్యాక కార్డు పీకి డబ్బాలో వేస్తాడు. ఆ చప్పుడంటే ఎంత ఇష్టమో!

అన్నానికి మాత్రం ఫోటో పనిచేయలేదు. టీచరమ్మ వాడి స్టీలు పళ్లెమే చేతికిచ్చారు, లేచి వరుసలో నిలబడ్డాడు. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆటిజం ఉన్నవాళ్ల కోసం 1972లో మొదలైన టీచ్ (TEACCH) కార్యక్రమంలోనూ ఫోటో అర్థంకాని పిల్లలకు వస్తువునే ఇస్తారు.

వానకి ఆట రద్దయితే ‘మార్పు’ కార్డు ముందే చూపిస్తున్నారు. ఏడుపు పూర్తిగా పోలేదు, చాలా తగ్గింది. దసరా సెలవుల కోసం ఇంట్లోనూ ఒకటి తయారుచేస్తున్నా, బతుకమ్మ ఫోటోతో సహా.