కొత్త పన్నులు లేవన్నారు సరే, ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?

ముషీరాబాద్ వాసి (చర్చ మొదలు, 27 జులై 2024, శనివారం)

అందరికీ నమస్కారం. మొన్న గురువారం తెలంగాణ ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క అసెంబ్లీలో బడ్జెట్ పెట్టారు. ఫిబ్రవరిలో పెట్టింది ఓటాన్ అకౌంట్ (కొన్ని నెలల ఖర్చులకే) కాబట్టి, కొత్త కాంగ్రెస్ ప్రభుత్వానికి ఇదే మొదటి పూర్తి బడ్జెట్. మొత్తం రూ.2,91,159 కోట్లు. వ్యవసాయానికి 72,659 కోట్లు, హైదరాబాద్‌కు 10 వేల కోట్లు, 200 యూనిట్ల ఉచిత కరెంటుకు 2,418 కోట్లు, 500 రూపాయల గ్యాస్ సిలిండర్‌కు 723 కోట్లు. జనం మీద కొత్త పన్ను మాత్రం వేయలేదు. మా ఆఫీసులో రెండు రోజుల నుంచి ఇదే గొడవ. ఇంత ఇచ్చి కూడా పన్ను వేయలేదు చూడు అని కొందరు, మన డబ్బంతా ఊరికే పంచేస్తున్నారు అని కొందరు.

నేను ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రాబడి పేజీ చూడకుండా ఖర్చు పేజీ చదవలేను, అలవాటైపోయింది. రాబడిలో ఏముంది? మద్యం మీద ఎక్సైజ్ 25,617 కోట్లు. స్టాంపులు, రిజిస్ట్రేషన్లు 18 వేల కోట్లకు పైన. బహిరంగ మార్కెట్ అప్పులు 57 వేల కోట్లకు పైన. మందు, భూమి, అప్పు. కొత్త పన్ను వేయలేదంటే వీటిలోంచే ఇంకా పిండుతామనే కదా అర్థం? ఇదే ప్రభుత్వం కిందటి డిసెంబర్‌లో శ్వేతపత్రం పెట్టి, రాష్ట్రం నెత్తిన 6,71,757 కోట్ల అప్పు ఉందని చెప్పింది.

పెట్రోల్ లీటరు 107 రూపాయల 41 పైసలు పోయించుకుంటున్నాను. దాని మీద రాష్ట్ర వ్యాట్ 35.2 శాతం. జీతంలో నెలకు 200 ప్రొఫెషనల్ ట్యాక్స్ కోత. అయినా సరే, "ఫలానా పథకానికి ఇంత కావాలి, మీరు ఇంత కట్టండి" అని ముఖం మీద చెప్పి అడిగితే కడతాను. తాగేవాడి జేబు మీద, భూముల ధర మీద ఆధారపడి, ఎన్నికల్లో ఇచ్చిన గ్యారంటీలు నడపడం నాకు నచ్చలేదు. మీరేమంటారు?

హయత్‌నగర్ అక్క

అన్నా, ముందు నా సంగతి వినండి. కోఠిలో చీరల షాపులో పనిచేస్తా. జీతం 13 వేలు. కిందటి డిసెంబర్ 9 దాకా బస్సు పాస్‌కే నెలకు వెయ్యి పైన పోయేది. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఫ్రీ, ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. మొదటి నెల ఆ టికెట్లన్నీ పర్సులోనే ఉంచుకున్నా, పారేయబుద్ధి కాలేదు. మిగిలిన డబ్బుతో మా పాపను లెక్కల ట్యూషన్‌లో చేర్పించా. ఈ ఏడు పదో తరగతి.

ఇంకో ముచ్చట చెప్పాలి. పోయిన నెల అమ్మకు ఒంట్లో బాగాలేదంటే సూర్యాపేట పోయొచ్చా. ఎవరినీ చేయి చాపి అడగలేదు. ఇదివరకు పుట్టింటికి పోవాలంటే చార్జీల దగ్గరే మాటా మాటా పెరిగేది, చివరికి పోవడమే మానేసేదాన్ని. ఆ వెయ్యి రూపాయల కన్నా నాకు ఇదే పెద్దది.

మీ ఆఫీసులో "ఊరికే పంచేస్తున్నారు" అన్నారట. ఆ మాట గుచ్చుకుంది. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా నేనూ పన్ను కట్టే కొంటున్నా కదా.

ఉప్పల్ ఆటో

అక్కా, మీ మీద కోపం లేదు. మా ఇంటామె కూడా ఆ బస్సులోనే పోతుంది. నేను ఉప్పల్ రింగ్‌రోడ్ నుంచి ఘట్‌కేసర్ వైపు షేర్ ఆటో నడుపుతా. ఇదివరకు నలుగురు ఎక్కితే ముగ్గురు ఆడవాళ్లే ఉండేవాళ్లు. గ్యాస్ ఖర్చు పోను రోజుకు 900 మిగిలేది. ఇప్పుడు 500 దాటితే ఆ రోజు మంచిరోజు. కిస్తీ మాత్రం తగ్గదు, నెలకు 8,400.

ఆటోవాళ్లకు ఏడాదికి 12 వేలు ఇస్తామని మేనిఫెస్టోలో రాశారు. ఇంకా చేతికి రాలేదు. ముషీరాబాద్ అన్న మందు, భూమి, అప్పు అని మూడు చెప్పారు. నాలుగోది నేను చెప్తా. నా గల్లాపెట్టెలోంచి రోజుకు 400 ఈ పథకానికి పోతున్నది. అది రాబడి పేజీలో ఎక్కడా కనపడదు.

మియాపూర్ టెకీ

ఉప్పల్ అన్నకు జరిగింది అన్యాయమే. కానీ జీతగాళ్ల బాధ కూడా ఎవరో ఒకరు చెప్పాలి. 23న కేంద్ర బడ్జెట్‌లో ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద ఇండెక్సేషన్ (పెరిగిన ధరలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కించే వెసులుబాటు) తీసేస్తామన్నారు. రెండు రోజులకే ఈ బడ్జెట్. జీతం రాకముందే పన్ను కోసుకుంటారు, మా కాలనీ ముందు రోడ్డు మాత్రం తవ్వి వదిలేసి ఏడాది దాటింది. పిల్లల్ని స్కూలు బస్సు దాకా చేయి పట్టుకుని గుంతలు దాటిస్తున్నాను. నేను కట్టిన పన్నుతో రుణమాఫీ అంటూ ఎక్కడో ఎవరి అప్పో తీర్చడం ఎందుకు? ఫ్రీ బస్సయినా తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకే ఇవ్వొచ్చు కదా. లక్ష రూపాయల జీతం ఉన్న మేడమ్‌కు జీరో టికెట్ ఎందుకు?

హయత్‌నగర్ అక్క

తమ్ముడూ, నాకు తెల్ల కార్డు లేదు. పెళ్లయి పదహారేళ్లయింది, మా అత్తగారి కార్డులో పేరు ఎక్కించడానికి తిరిగి తిరిగి వదిలేశాను. కార్డు అడిగితే ముందు ఆగిపోయేది నాలాంటి వాళ్లే. లక్ష జీతం ఆమె పొద్దున తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో మా బస్సెక్కదు. ఎక్కితే ఆమెకూ అవసరం ఉన్నట్టే.

రిటైర్డ్ ఆడిటర్

మియాపూర్ బాబు అడిగినదానికి కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిక పట్టండి. మీ జీతంలో కోసే ఆదాయపు పన్ను కేంద్రానిది. కేంద్రం పంచే పన్నుల మొత్తంలో రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం. ఆ రాష్ట్రాల వాటాలో తెలంగాణకు వచ్చేది 2.102 శాతం. ఈ వాటాలు తేల్చే 14వ ఆర్థిక సంఘం కాలంలో ఇది 2.437 ఉండేది, 15వ సంఘం వచ్చాక తగ్గింది. కాబట్టి మీ ఆదాయపు పన్ను నేరుగా నల్లగొండ రైతు ఖాతాకు పోతోందనుకోవడం సరికాదు.

జీఎస్టీ రేటు కౌన్సిల్‌లో తేలుతుంది. రాష్ట్రం తనంతట తాను రేటు మార్చుకోగలిగేవి కొన్నే: పెట్రోలు, డీజిలు, మద్యం మీద వ్యాట్, ఎక్సైజ్, స్టాంపు డ్యూటీ, బండ్ల మీద పన్ను, ఇంకొన్ని చిన్నాచితకా. అందుకే ఎవరు అధికారంలోకి వచ్చినా చూపు మందు మీదకు, భూమి మీదకే పోతుంది. ముషీరాబాద్ వారు కొత్త ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే అడుగుతున్నారు. 2023 సంవత్సరం గుర్తు చేసుకోండి. పాత ప్రభుత్వం ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో భూములు వేలం వేస్తే ఎకరం అత్యధికంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. అదే నెలలో 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచారు. దరఖాస్తుకు 2 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగివ్వరు. ఆ ఫీజులే 2,600 కోట్లు దాటాయి. అంతకు కొన్ని నెలల ముందే ఔటర్ రింగ్‌రోడ్డును 30 ఏళ్ల లీజుకిచ్చారు, దానికి 7,380 కోట్లు ఒకేసారి తీసుకున్నారు. అంటే రేపు మన మనవలు కట్టే టోల్ డబ్బు ముందే వాడుకున్నాం.

శ్వేతపత్రం అంకెను కూడా జాగ్రత్తగా వాడాలి. ఆ 6,71,757 కోట్లలో కార్పొరేషన్ల పేరు మీద తెచ్చినవి కూడా కలిసి ఉన్నాయి. పాత పాలక పక్షం దాన్ని ఒప్పుకోక "స్వేదపత్రం" పేరుతో వేరే లెక్క పెట్టింది.

నా అభ్యంతరం ఇంకో చోట ఉంది. 2,91,159 కోట్లలో మూలధన వ్యయం 33,487 కోట్లే. వందలో పదకొండున్నర రూపాయలు. రోడ్లు, ప్రాజెక్టులు, భవనాలు, రేపు మనకు మిగిలేవన్నీ అందులోనే రావాలి. నలభై ఏళ్లు లెక్కలు చూసినవాణ్ని, ఈ అంకె దగ్గర నాకు మనసు ఒప్పలేదు.

నల్లగొండ రైతుబిడ్డ

మియాపూర్ బ్రదర్, నేనూ కూకట్‌పల్లిలో ఉండి మీలాంటి ఉద్యోగమే చేస్తున్నా. "ఎవరి అప్పో" అన్నారు కాబట్టి ఆ ఎవరో ఎవరో చెప్తా. మా నాన్న. నాలుగెకరాలు, పత్తి, వరి. ఈ నెల 18న లక్ష లోపు రుణమాఫీ మొదలైంది కదా, మొదటి విడతలో 11 లక్షల 50 వేల మందికి 6,098 కోట్లు. నాన్నది 86 వేల బాకీ. సాయంత్రం ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చదవడం రాదు, పక్కింటి పిల్లాడితో చదివించుకున్నాడు. అయినా నమ్మకం కుదరక నాకు ఫోన్ చేసి, "మళ్లొకసారి నువ్వు చూసి చెప్పు బిడ్డా, సున్నానేనా?" అన్నాడు. ఆ గొంతు విన్నాక ఇది వృథా ఖర్చని నేను అనలేను.

కానీ మా చిన్నాన్న సంగతి వేరు. కిందటేడు ఎండాకాలంలో చిట్టీ పాడి మరీ బాకీ మొత్తం కట్టేశాడు, మళ్లీ తీసుకోలేదు. ఆయనకు రూపాయి రాలేదు. "ఎగ్గొట్టి ఉంటే బాగుపడేవాణ్ని" అంటున్నాడు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మాఫీ మొత్తానికి 31 వేల కోట్లు కావాలని ప్రభుత్వమే చెప్పింది. ఈలోపు ఎకరానికి ఏడాదికి 15 వేల రైతు భరోసా ఈ వానాకాలానికి రానే లేదు. విత్తనం వేసి నెల దాటింది, నాన్న యూరియాకు మళ్లీ వడ్డీకే తెచ్చాడు.

లెక్కల పంతులు

సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. పిల్లలకు శాతాలు నేర్పేటప్పుడు పేపర్లోని అంకెలే బోర్డు మీద రాస్తుంటా. శుక్రవారం తొమ్మిదో తరగతిలో ఇది వేశాను: మొత్తం 2,91,159, విద్యకు 21,292, ఎంత శాతం? 7.3 వచ్చింది. మేనిఫెస్టోలో విద్యకు 15 శాతం అన్నారు. సగం కూడా కాలేదు.

తర్వాత వెనక బెంచీ అమ్మాయి ఒకతి పేపర్ చూసి, "సార్, మందు మీద 25,617 ఉంది, మన బడికన్నా ఎక్కువ" అంది. తరగతి నిశ్శబ్దం అయిపోయింది. వాళ్లలో చాలామంది ఇళ్లలో ఆ 25,617లో వాటా ఉంది. నాన్న కూలి డబ్బు సాయంత్రం ఎటు పోతుందో వాళ్లకు బాగా తెలుసు. అమ్మకు బస్సులో మిగిలిన వెయ్యి, నాన్న దగ్గర వైన్స్‌లో పోతే ఆ ఇంటికి మిగిలిందేమిటి? నేను పథకాలకు వ్యతిరేకం కాదు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నలో మాత్రం ముషీరాబాద్ వారితో పూర్తిగా ఏకీభవిస్తాను.

లాల్‌దర్వాజ (28 జులై, ఆదివారం)

ఇవ్వాళ మా దగ్గర బోనాలు. వైన్స్ బంద్. పంతులు గారు రాసింది చదివి బయటికి వచ్చి చూశా. మా గల్లీలో ఆడవాళ్లు ఇంత నిమ్మళంగా మాట్లాడుకోవడం ఈ మధ్య నేను చూడలేదు.

బోడుప్పల్ అద్దె ఇల్లు

200 యూనిట్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. మార్చిలో మొదటిసారి జీరో బిల్లు వచ్చినప్పుడు మా అత్తమ్మ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టింది. మే నెలలో 207 వచ్చింది. ఏడు యూనిట్లు దాటితే ఆ ఏడింటికే కట్టాలనుకున్నాం. కాదు, మొత్తం 207కూ కట్టాలి. వెయ్యి దాటింది. ఇప్పుడు మా ఇంట్లో పరిస్థితి ఏంటంటే, ఇరవయ్యో తారీఖు నుంచి అత్తమ్మ రోజూ మీటర్ దగ్గర నిలబడి అంకె చూసొస్తుంది. ఫ్రిజ్ రాత్రి ఆపేస్తుంది. పిల్లాడు ఫ్యాన్ రెండులో పెట్టుకుని చదువుతాడు. రీడింగ్ తీసే అబ్బాయి మూడు రోజులు ఆలస్యంగా వస్తాడేమోనని ఒకటే టెన్షన్.

పథకం తీసేయాలని నేను అనడం లేదు. 200 దాకా ఫ్రీ, దాటినదానికే బిల్లు అని మార్చితే చాలు. 2,418 కోట్లు పెట్టినప్పుడు ఇంకొంచెం పెట్టలేరా?

రిటైర్డ్ ఆడిటర్

అమ్మా, అలా మార్చితే 300 వాడేవాళ్లకు కూడా మొదటి 200 ఫ్రీ అవుతుంది, ఖర్చు కొంచెం కాదు, చాలా పెరుగుతుంది. 200 నుంచి 230 మధ్యలో మెట్టు పెడితే సరిపోతుంది.

మియాపూర్ టెకీ

నల్లగొండ బ్రదర్, "ఎవరి అప్పో" అన్నందుకు సారీ. మీ నాన్నగారి సంగతి చదివాక అలా రాయకుండా ఉండాల్సింది. ఆడిటర్ గారు చెప్పిన వాటాల లెక్క కూడా నాకు తెలియదు. కానీ రోడ్డు విషయంలో నా మాట అదే. నగరానికి 10 వేల కోట్లన్నారు, అందులో మూసీ నది ప్రాజెక్టుకు 1,500 కోట్లు, చెరువులు, సర్కారు భూముల ఆక్రమణలు చూడ్డానికి కొత్తగా పెట్టిన హైడ్రాకు 200 కోట్లు. పెద్ద పేర్లకు డబ్బు కనపడుతుంది, గల్లీ గుంతకు కనపడదు. మార్చి నాటికి ఇందులో ఎంత విడుదలయిందో చూద్దాం. బడ్జెట్ పుస్తకంలో రాసినదంతా ఖర్చయినట్టు కాదు కదా.

ముషీరాబాద్ వాసి

అందరివీ రెండుసార్లు చదివాను. హయత్‌నగర్ అక్కా, "ఊరికే" అన్నది నేను కాదు, కానీ ఆఫీసులో ఆ మాట విని ఊరుకున్నది నేనే. సోమవారం ఊరుకోను. ఆడిటర్ గారూ, పాత ప్రభుత్వం కూడా ఇదే చేసిందన్నది నిజమే, ఒప్పుకుంటాను. అయితే మార్పు తెస్తామని వచ్చినవాళ్లను మార్పు గురించి అడగడం తప్పు కాదనుకుంటున్నా. మద్యం మీద నా మాట మారలేదు. పంతులు గారి తరగతి చదివాక ఇంకా గట్టిపడింది.

ఉప్పల్ తమ్ముడూ, నువ్వు చెప్పిన నాలుగోది నా తలకు తట్టనే లేదు. రోజుకు 400 అంటే నెలకు 10 వేల పైన. బస్సు టికెట్ల డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టి ఇస్తుంది, నీ నష్టానికి అలాంటి లెక్కే లేదు. మీ స్టాండులో ఎన్ని ఆటోలున్నాయి? డిసెంబర్‌కు ముందు, ఇప్పుడు, ఎవరికి ఎంత మిగులుతోందో పేర్లు లేకుండా రాసి పంపితే నేను షీట్ తయారు చేస్తాను. మన ఎమ్మెల్యేలకు ఇవ్వొచ్చు.

ఉప్పల్ ఆటో

అన్నా, మా స్టాండులో 34 ఆటోలు. డిసెంబర్‌లో 41 ఉండేవి. ఏడుగురు అమ్మేసి పోయారు, వాళ్ల లెక్క కూడా రాయాలా?