పాత మెయిల్స్ డిలీట్ చేస్తే భూమికి నిజంగా మేలేనా?

గాలిమర:
మెయిల్స్ డిలీట్ చేయండి, ఛార్జర్ పీకేయండి, డార్క్ మోడ్ పెట్టండి... పర్యావరణం పేరుతో రోజూ ఇవే చిట్కాలు. వీటిలో పనికొచ్చేదేది? లెక్కతో చెప్పండి ప్లీజ్.

యూనిట్_లెక్క:
5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్ అవర్లు. వేడి కింద పోయేదీ కలిపి సాకెట్ నుంచి 25 లాగుతుందనుకుందాం. రోజూ సున్నా నుంచి నిండా ఎక్కించినా ఏడాదికి 9 యూనిట్లే (యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు). అదే 10 వాట్ల వైఫై రౌటర్ రాత్రీ పగలూ ఆన్‌లో ఉంటే 87 యూనిట్లు! ఫోన్ పెట్టని ఛార్జర్, 0.1 వాట్ చొప్పున, ఏడాదంతా ఉంచినా ఒక యూనిట్ కాదు.

డార్క్ మోడ్ ఓలెడ్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే) తెరకే, అదీ బ్రైట్‌నెస్ బాగా పెంచినప్పుడే పనిచేస్తుంది. ఎల్‌సీడీలో వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. మెయిల్స్ ఏరుతూ గంటసేపు లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఆ కరెంటే దండగ.

టంకం_చుక్క:
పై లెక్క సరే, కానీ అసలు బరువు కరెంటులో లేదు. ఫోన్ వల్ల వచ్చే కార్బన్‌లో సింహభాగం చిప్పులు, తెర, బోర్డు తయారీలోనే, అంటే అది మీ చేతికి రాకముందే వచ్చేసి ఉంటుంది. రెండేళ్లకు పారేసేది నాలుగేళ్లు వాడితే ఏడాదికి పడే ఆ వాటా సగమవుతుంది.

బ్యాటరీ హెల్త్ (కొత్తలో పట్టిన ఛార్జ్‌లో ఇప్పుడు ఎంత పడుతోందనే లెక్క) 80 శాతం కిందకి జారితే బ్యాటరీ మార్పించండి, ఫోన్ కాదు. సొంతంగా విప్పేవాళ్లు ముందు ఛార్జ్ 25 శాతం లోపుకి దించాలి. వెనక మూతను వేడిచేసి జిగురు మెత్తబడ్డాక ప్లాస్టిక్ కార్డుతో లేపండి. లోతుగా దూర్చారో, ఫింగర్‌ప్రింట్ సెన్సర్‌కి వెళ్లే రిబ్బన్ లాంటి పల్చటి వైరు తెగుతుంది. లోపల మొదట ఊడదీయాల్సింది బ్యాటరీ కనెక్టర్. బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, చిల్లు పడితే అంటుకుంటుంది. ఉబ్బిన బ్యాటరీ అయితే అసలు ముట్టుకోవద్దు, షాపుకే ఇవ్వండి. మూసేటప్పుడు కొత్త జిగురు టేపు వేయకపోతే నీటి రక్షణ పోయినట్టే.

గాలిమర:
రౌటర్ రాత్రిపూట ఆపితే పాడవదు కదా?

యూనిట్_లెక్క:
పాడవదు. 8 గంటలు ఆపితే ఏడాదికి 29 యూనిట్లు మిగులుతాయి. దాని మీద నడిచే కెమెరా, ల్యాండ్‌లైన్ ఉంటే మాత్రం అవీ ఆగుతాయి, చూసుకోండి.

పాతసామాను:
సొరుగులో మూలుగుతున్న ఫోన్ల సంగతి కూడా. 2022లో ప్రపంచంలో పోగైన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. పద్ధతిగా రీసైకిల్ అయినట్టు లెక్కకెక్కింది 22.3 శాతమే. ఎవరికైనా ఇచ్చేముందు గూగుల్ అకౌంట్ తీసేసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అకౌంట్ ఉండగా రికవరీ మెనూలోంచి (ఫోన్ ఆఫ్ చేసి బటన్లు నొక్కితే వచ్చేది) రీసెట్ కొడితే లాక్ పడుతుంది, మీ పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోదు. బాగున్న ఫోన్ కాస్తా విడిభాగాల కిందకి పోతుంది.